సౌకార్‌పేట బ్యాటరీ మీద నా అనుమానం

అగ్గిపెట్టె అంత ఉండే ఒక కెమెరా బ్యాటరీ కోసం నేను మా చెల్లెలి నిశ్చితార్థాన్ని ఎంత కంగాళీ చేశానో ఈ రోజు చెప్పేస్తాను. ఇన్నేళ్లూ దాచాను. అంటే నేను దాచాను గానీ మా ఇంట్లో వాళ్లెవరూ దాచలేదు. వచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతో పాటు ఈ కథ కూడా ఇస్తూనే ఉన్నారు. వాళ్లు చెప్పేదాంట్లో నేను మరీ వెర్రివాడిలా కనిపిస్తాను. నా నోటితో నేనే చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుందని ఆశ. చివరికి వచ్చేసరికి ఆ ఆశ కూడా నిలవదని ముందే మనవి చేస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. వ్యాసర్పాడిలో మా ఇల్లు. ముత్తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో పాతుకుపోయిన కుటుంబం. నేను ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ పని చేసేవాణ్ణి. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోల్టులను అనుమానించడానికి నాకు జీతం ఇచ్చేవాళ్లు. ఆ పని నా ఒంటికి ఎంతగా పట్టిందంటే, ఇంట్లో పాల ప్యాకెట్టును కిటికీ దగ్గర వెలుతురుకెత్తి చూసేవాణ్ణి. గ్యాస్ సిలిండర్ సీలును భూతద్దంతో పరీక్షించేవాణ్ణి. హోటల్లో ఇడ్లీని విరిచి, వాసన చూసి, ఆ తర్వాత నోట్లో పెట్టేవాణ్ణి. నన్ను చూసి ఎదుటి బల్ల వాళ్లు కూడా తినడం ఆపేసేవాళ్లు.

ఇలాంటి నాకు మా చెల్లెలు సుమతి నిశ్చితార్థంలో రెండు పనులు పడ్డాయి. మొదటిది, నాన్న లేరు కాబట్టి ఆడపిల్ల తరఫున పీట మీద కూర్చుని తాంబూలం మార్చుకోవాల్సింది నేను. రెండోది, ఫోటోలు తీయాల్సింది కూడా నేనే. ఈ రెండో పని ఎవరూ నాకు అప్పగించలేదు. నేనే లాక్కున్నాను. బయటి ఫోటోగ్రాఫర్లు పాత కార్డులు వేసి ఫోటోలు పోగొడతారని నా అనుమానం. మా పక్క పోర్షన్లో ఉండే ఢిల్లీబాబు, చిన్నప్పటి నుంచి నా స్నేహితుడు, "నేను తీస్తాలేరా, నా ఫోన్లో బాగా వస్తాది" అన్నాడు. ఊరికే తీస్తానంటున్నాడంటే ఏదో ఉందని వాణ్ణీ అనుమానించాను.

"పీట మీద కూర్చునేది నువ్వే, పోటో తీసేది నువ్వే. ఎట్టా అన్నా?" అంది సుమతి.

"స్టాండు పెట్టి, టైమర్ వేసి, పది సెకండ్లలో పరిగెత్తుకొచ్చి కూర్చుంటా."

"నాకు జీవితంలో ఒకేసారి వచ్చే రోజన్నా ఇది. సర్కస్ చెయ్యొద్దు. పోటోలు లేకపోయినా పరవాయిల్లే, నువ్వు మాత్రం ఆడ కూర్చో."

ఆ పిల్ల అడిగింది అంతే. నేను పక్కన కూర్చోవాలి. ఇంత చిన్న కోరిక తీర్చడానికి మనిషికి ఏం కావాలి, ఒక పీట తప్ప? కానీ నాకు బ్యాటరీ కావాల్సి వచ్చింది.

నా కెమెరా పాతది. దాంతోపాటు వచ్చిన ఒరిజినల్ బ్యాటరీ ముసలిదైపోయి, నాలుగు ఫోటోలకే ఆయాసపడేది. ఇంకొకటి తోడుగా ఉండాలని, నమూనాకు పాతదాన్ని పట్టుకుని సౌకార్‌పేట బజారుకు వెళ్లాను. జేబులో ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్న కొలత పరికరం, అదే, వెర్నియర్ క్యాలిపర్ పెట్టుకుని మరీ వెళ్లాను. సందులో సందు, ఆ సందులో మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టనంత కొట్టు. అందులో సేట్ కూర్చుని ఉన్నాడు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న మార్వాడీ. తమిళం, తెలుగు, హిందీ ఒకే గిన్నెలో కలిపి వడ్డిస్తాడు.

"ఒరిజినల్ ఇవ్వు సేట్" అన్నాను.

"ఆ మాడలు కంపెనీవాడే నిలిపేసినాడు సార్. ఇప్పుడు ఒరిజినల్ అని ఎవురన్నా ఇచ్చినాడంటే వాడే పెద్ద దొంగ."

"మరి నీ దగ్గరుండేది?"

"డూప్లికేట్ సార్. డూప్లికేట్ అని చెప్పే ఇస్తా ఉండాను. సుమ్మా అబద్ధం చెప్పేది మన దగ్గర లేదు."

డూప్లికేట్‌ను డూప్లికేట్ అని చెప్పి అమ్మే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాకు అనుమానం రెట్టింపయింది. క్యాలిపర్ తీసి బ్యాటరీ పొడవు, వెడల్పు, మందం కొలిచాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. వాసన చూశాను. స్టిక్కరు మీద అక్షరాలు వంకరగా ఉన్నాయేమోనని భూతద్దం పెట్టాను.

సేట్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "సార్, బ్యాటరీ కొనేదానికి వచ్చినారా, పెళ్లికి పొణ్ణు చూసేదానికి వచ్చినారా?" అన్నాడు. వెనక నిలబడ్డ వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. పరీక్షలో ఉన్నవాడు నవ్వకూడదు.

చివరికి సేట్ నా పాత బ్యాటరీని, తన కొత్త బ్యాటరీని ఒకే అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని, "చూడండి, అన్నాదమ్ముళ్లు" అన్నాడు. సరిగ్గా అప్పుడే అతని ఫోన్ మోగింది. అర నిమిషం అటు తిరిగి మాట్లాడాడు. నా ఒరిజినల్ ఆ అర నిమిషం నా కళ్లకు కనిపించలేదు. ఈ విషయం నేను మనసులో రాసి పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక ఇంటర్నెట్ తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది. ఇలాంటి బ్యాటరీలు ఉబ్బిపోయి కెమెరాలోంచి ఊడి రావని ఒకాయన, ఛార్జి నిండుగా చూపించి రెండో నిమిషంలో ప్రాణం వదులుతాయని ఇంకొకాయన, కెమెరా లోపలి చిప్పు వీటిని గుర్తుపట్టి గెంటేస్తుందని మూడో ఆయన రాశారు. నేను ఇసుక పోసిన బకెట్టు పక్కన పెట్టుకుని, నాలుగడుగుల దూరంలో నిలబడి కొత్తదాన్ని ఛార్జి చేశాను.

"రేయ్ నాయనా, అది బ్యాటరీనా, దీపావళి టపాసా?" అంది అమ్మ.

"నువ్వు ఇవతలికి రా అమ్మా. అది పేలితే?"

"పేలేదాన్ని ఇంట్లోకి ఎందుకు తెచ్చినావు రా?"

వారం రోజులు రోజూ పొద్దునా సాయంత్రం క్యాలిపర్‌తో దాని మందం కొలిచాను. వెంట్రుకవాసి కూడా ఉబ్బలేదు. కాకిని ఫోటో తీశాను, నీళ్ల డ్రమ్మును తీశాను, వద్దు వద్దంటున్నా ఢిల్లీబాబును పళ్లు తోముకుంటూ ఉండగా తీశాను. అన్నీ బాగానే వచ్చాయి. మామూలు మనిషయితే ఇక్కడ ఊపిరి పీల్చుకుని పడుకుంటాడు. నేను మాత్రం, ఇంత మంచిగా నడుచుకుంటోందంటే అసలు రోజున దెబ్బ కొట్టడానికేనని తేల్చుకున్నాను.

ఈలోగా ఆయుధపూజ వచ్చింది. మరునాడు విజయదశమి, నిశ్చితార్థం. మద్రాసులో ఆయుధపూజ అంటే మీకు తెలియనిది కాదు. ఆ రోజు ఇంట్లో కదిలేది, తిరిగేది, కోసేది, రుబ్బేది ఏదైనా సరే గంధం, కుంకుమ పెట్టించుకోకుండా తప్పించుకోలేదు. మా అమ్మ మిక్సీతో మొదలుపెట్టి, ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను, కత్తిపీట, చివరికి టీవీ రిమోట్ దాకా వచ్చింది. కెమెరాకు కూడా ముచ్చటగా ఒక బొట్టు పెట్టి పూజలో పెట్టింది.

"అమ్మా, కెమెరాకి పెట్టినావు, బ్యాటరీలకో?" అన్నాను.

"కెమెరాకి పెడితే లోపలుండేదానికి పెట్టినట్టే కదరా."

"పాతది సరే, మనింట్లో పెరిగింది. కొత్తది యాడిదో ఏమో. దానికి విడిగా పెట్టాల్సిందే."

గిన్నె లాక్కుని నేనే పూనుకున్నాను. ఇక్కడ నా తెలివి గమనించండి. బ్యాటరీకి ఒక పక్కంతా స్టిక్కరు ఉంది. దాని మీద గంధం పూస్తే స్టిక్కరు పాడవుతుంది. రేపు గ్యారంటీ అడిగితే సేట్ అదే సాకు చెబుతాడు. కాబట్టి స్టిక్కరుకు తగలకుండా, చివర బంగారు రంగు రేకులు మెరుస్తున్న చోట, దిట్టంగా గంధం అద్ది, మధ్యలో కుంకుమ పెట్టాను. పాతదానికి తక్కువ చేశానన్న మాట రాకూడదని దానికీ అక్కడే పెట్టాను. రెండిటినీ అమ్మవారి ముందు నిలబెట్టి దండం కూడా పెట్టుకున్నాను.

పూజలో పెట్టిన వస్తువును మర్నాడు పొద్దున దాకా కదిలించకూడదు. పొద్దున అమ్మ హారతిచ్చి "తీసుకో" అనగానే అన్నీ సంచిలో వేసుకుని బయలుదేరాను.

నిశ్చితార్థం తిరువొత్తియూరులో. పెళ్లికొడుకు నాయనమ్మ ఎక్కువ దూరం ప్రయాణం చేయలేదని వాళ్ల వీధిలోనే ఒక చిన్న హాలు తీసుకున్నారు. బుధవారం. పన్నెండు గంటలకు రాహుకాలం మొదలు. పదకొండున్నరకే తాంబూలాలు మార్చుకోవాలని పురోహితుడు గట్టిగా చెప్పాడు. మేము పదింటికి ముందే చేరాం. నేను స్టాండు బిగించి, కొత్త బ్యాటరీ వేసి, స్విచ్చి నొక్కాను.

తెర వెలిగింది. ఈ బ్యాటరీతో సంబంధం కుదరలేదని ఇంగ్లీషులో రాసి ఆరిపోయింది. నిశ్చితార్థం రోజున కెమెరా అనాల్సిన మాటేనా అది?

నిజం చెప్పొద్దూ, నాకు ముందు కోపం రాలేదు. సంతోషం వచ్చింది. చూశారా, నేను చెప్పలేదూ అని నాలోని క్వాలిటీ చెకర్ చొక్కా సర్దుకున్నాడు. చిద్విలాసంగా ఒరిజినల్ బ్యాటరీ తీసి వేశాను. తెర అసలు వెలగనే లేదు.

అప్పుడు నా బుర్రలో ఆ అర నిమిషం మెరిసింది. సేట్ అటు తిరిగాడు. ఫోన్ వంక పెట్టుకున్నాడు. నా ఒరిజినల్‌ను మార్చేశాడు! నాకు అంటగట్టింది ఒకటి కాదు, రెండు డూప్లికేట్లు! ఈ సరికి నా అసలు బ్యాటరీని ఇంకెవరికో అమ్మేస్తూ ఉంటాడు!

ఇంతలో పెళ్లికొడుకు మేనత్త వచ్చి, "ఏం నాయనా, పోటోలు తీసే అబ్బాయివి నువ్వేనా? ఇంకా మొదలుపెట్టలేదే?" అంది.

"నేను పెళ్లికూతురు అన్ననండీ."

"అట్టనా? మరి తీసే అబ్బాయి యాడ?"

ఆ ఒక్క ప్రశ్నతో నాకు కళ్లు ఎర్రబడ్డాయి. సంచి, కెమెరా పట్టుకుని గుమ్మం వైపు నడిచాను. గుమ్మంలో ఢిల్లీబాబు అడ్డం వచ్చాడు.

"యాడికి రా?"

"సౌకార్‌పేటకి. మోసం జరిగుండాది. గంటలో వచ్చేస్తా."

"పిచ్చి పట్టిందా? తాంబూలం ఉండాది కదరా! పోటోలు నా ఫోన్లో తీస్తాలే."

"నీ ఫోనొద్దు, ఏం వద్దు! ఇది పట్టుకో, మాసిపోతాది" అని నా భుజం మీది పట్టు కండువా తీసి వాడి భుజం మీద పడేశాను. ఆ పని చేసింది నేనే. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు.

దొరికిన ఆటోకు రెండు పక్కలా అరటిపిలకలు కట్టి ఉన్నాయి. ముందు అద్దం మీద గంధం గోడకు సున్నం కొట్టినట్టు పూసి ఉంది. డ్రైవరు చూడటానికి అరచేయంత సందు మాత్రం మిగిలింది.

"ఏందన్నా ఇది? చూసే చోటనే గంధం పూస్తే బండి ఎట్టా నడుస్తాది? ఏడ పూయాల్నో ఏడ పూయకూడదో తెలీదా?" అని దారి పొడవునా ఆయనకు పాఠం చెప్పాను. సంచిలో నా రెండు బ్యాటరీలు నోరు మూసుకుని విన్నాయి.

కొట్టు తెరిచే ఉంది. సేట్ కొత్త చొక్కా వేసుకుని, మిఠాయి డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెండు బ్యాటరీలనూ బల్ల మీద పెట్టి అరిచాను.

"నా ఒరిజినల్ యాడ సేట్?"

"ముందు స్వీటు తీసుకోండి సార్. పండగ."

"స్వీటొద్దు! ఆ రోజు నువ్వు అట్టా తిరిగి ఏం చేసినావో నాకు తెలుసు. మా చెల్లెలి నిశ్చితార్థం ఆడ జరుగుతా ఉండాది. నేను ఈడ నిలబడుండాను. ఎవరి వల్ల?"

నా జేబులో ఫోన్ మోగింది. సుమతి. "ఒక్క నిమిషం" అని ఫోన్‌తోనే చెప్పి కట్ చేశాను. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాను. సందులో జనం పోగయ్యారు. ఒక పెద్దాయన ఇద్దరినీ శాంతింపజేయబోయాడు. ఈయన సేట్ మనిషేమోనని నేను ఆయన్నీ అనుమానంగా చూశాను.

సేట్ కళ్లజోడు దించి, ఒక బ్యాటరీ తీసుకుని, చివర చూశాడు. గోటితో గీకాడు. పసుపుపచ్చటి పెచ్చు ఒకటి ఊడి బల్ల మీద పడింది. దాన్ని వేలికి అంటించుకుని వాసన చూశాడు.

"సార్, ఇది గంధం."

నేను వంగి ఆ పెచ్చును చూశాను.

"మా డూప్లికేట్ కంపెనీవాడు ఏమేమో చేస్తాడు. గంధం పూసేది లేదు. సామికి పెట్టినారా?"

"...ఆయుధపూజ కదా."

"కరెంటు పోయే వాకిలి సార్ ఇది. కెమెరాతో ఇది మాట్లాడేది కూడా ఈడనే. నోట్లో గంధం కుక్కినాక ఎట్టా మాట్లాడతాది?"

స్పిరిట్ అద్దిన దూదితో రెండిటినీ తుడిచాడు. కొత్తది వేశాడు. తెర కళకళలాడుతూ వెలిగింది. పాతది వేశాడు. అది కూడా వెలిగి, తన పద్ధతి ప్రకారం ఆయాసపడింది. ఆ ఆయాసం చూడగానే అది నాదేనని గుర్తుపట్టాను.

"ఇది మీ ఒరిజినల్. ఇది నా డూప్లికేట్. రెండూ మంచి పిల్లకాయలే సార్" అని నా చేతిలో పెట్టాడు. పైన ఒక మిఠాయి ముక్క కూడా పెట్టాడు. అందరి ముందూ సిగ్గుతో ఆ ముక్క నోట్లో వేసుకున్నాను. టైము చూశాను. పదకొండూ నలభై.

తిరుగు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పలేను. రోడ్డంతా దిష్టి గుమ్మడికాయ ముక్కలు, దారి పొడవునా పూలదండలేసిన లారీలు. సుమతికి ఫోన్ చేస్తే తీయలేదు. అమ్మ తీయలేదు. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందు ఎన్నడూ వేయలేదు.

నేను చేరేసరికి పన్నెండూ ఇరవై. హాలులో పీటలు ఖాళీగా ఉన్నాయి. పక్క గదిలో ఆకులు వేసి భోజనాలు వడ్డిస్తున్నారు. మొదటి వరసలో, కాబోయే మా బావగారి పక్కన, నుదుట నిలువు బొట్టుతో, నా పట్టు కండువాతో, దాని మీద మగపెళ్లివారు కప్పిన కొత్త శాలువాతో ఢిల్లీబాబు కూర్చుని ఉన్నాడు. "ఇంకొంచెం పాయసం వేసుకోండి బావా" అని పెళ్లికొడుకు వాడిని బతిమాలుతున్నాడు.

వాడు నన్ను చూసి బూరె నమలడం ఆపాడు. "నేనేం చేసేది రా? రాహుకాలం వచ్చేస్తా ఉండాదని అయ్యవారు అరస్తా ఉండాడు. కండువా ఉండేది నా మీదే. అమ్మ చూసింది, 'నువ్వూ నా బిడ్డవే, కూర్చో' అనింది. కూర్చున్నా."

మేనత్త అటుగా వెళ్తూ, "వచ్చినావా పోటో అబ్బాయి! తాంబూలం అయిపోయింది, కనీసం భోజనాలన్నా తియ్యి" అంది. నేను ఈసారి పెళ్లికూతురు అన్నని అని చెప్పలేదు. చెప్పినా ఎవరు నమ్ముతారు, అన్న అక్కడ పాయసం తాగుతుంటే?

అమ్మ నా వైపు చూడలేదు. సుమతి మాత్రం పిలిచి, మేనత్త ఫోన్లో తీసిన ఫోటో ఒకటి చూపించింది. ఢిల్లీబాబు పళ్లెం అందుకుంటున్నాడు. అందరి కళ్లూ పళ్లెం మీదే ఉన్నాయి. మా చెల్లెలు మాత్రం తల తిప్పి వాకిలి వైపు చూస్తోంది. ఎవరి కోసం చూస్తోందో అడగాల్సిన పని లేదు. నాకు ఏడుపొచ్చింది.

"తప్పయిపోయింది సుమతీ" అన్నాను. "బ్యాటరీలు రెండూ మంచివే. నేనే..."

"తెలుసన్నా. రెండుసార్లు ఫోన్ చేసినా. కట్ చేసినావు." కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆ దొంగపిల్ల పెదవి బిగబట్టి ఢిల్లీబాబు వైపు చూసింది. "ఒరిజినల్ టయానికి పని చెయ్యకపోతే ఏం చేస్తారన్నా? దొరికిన డూప్లికేట్ వేసుకుంటారు. పాపం, బాగానే పని చేసింది."

చుట్టూ ఉన్న ఆకులన్నీ నవ్వాయి. అమ్మ కూడా అటు తిరిగి నవ్వింది. ఈ సంగతి నాకు ఆమె భుజాలు కదలడం వల్ల తెలిసింది.

ఆ రోజు భోజనాల ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. సేట్ బ్యాటరీ చివరి తాంబూలం సంచి దాకా కిక్కురుమనకుండా పని చేసింది. నేటికీ మా బావగారి వైపు చుట్టాలు ఏ శుభకార్యానికైనా మొదటి పిలుపు ఢిల్లీబాబుకే పంపుతారు. నన్ను కెమెరా తెచ్చుకోమంటారు.

అందుకని, వంట గదిలో ఒంటరిగా, తూర్పు ముఖంగా నిలబడి, కుడి చేతిలో ఒరిజినల్, ఎడమ చేతిలో డూప్లికేట్ పట్టుకుని నేను చేసిన ప్రతిజ్ఞను ఇక్కడ మీ అందరి సాక్షిగా మళ్లీ చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో ఏ వస్తువునైనా, ఏ మనిషినైనా అనుమానించే ముందు, మొదట దాన్ని ఒకసారి గుడ్డతో తుడుస్తాను.